ఎండ మీద వేసిన నింద

ఏళ్ల తరబడి గుండెల మీద ఒక సోడా బుడ్డి మోస్తున్నాను. నవ్వకండి. ఏనుగంత బరువని రాయబోయి ఆగాను. ప్రతిదీ పెంచి చెప్పడం నాకు అలవాటు. ఈ ఒక్క సంగతిని మాత్రం ఇన్నాళ్లూ తగ్గిస్తూ వచ్చాను.

నెల్లూరు వైపు కోట అనే ఊళ్లో నాకు గోలీసోడా మిషను ఉండేది. మా వైపు సోడాను నాలుకతో కాదు, చెవితో కొంటారు. గోలీ నొక్కినప్పుడు ఎంత గట్టిగా మోగితే అంత మంచి సోడా. నా సోడా కోటలో కొడితే నాయుడుపేటలో కునికే కండక్టరు ఉలిక్కిపడి ‘రైట్ రైట్’ అనేవాడు. ఆ మోత కోసమే గ్యాసు ముల్లును ఎర్రగీత దాటించేవాణ్ణి. ఎక్కువైన గ్యాసును బయటికి వదిలే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. అది ఊరికే బుస్సుమంటోందని రాగితీగతో బిగించి కట్టేశాను. గీతలు పడ్డ పాత బుడ్లను కూడా పక్కన పెట్టలేదు.

బస్టాండు దగ్గర చిన్న బడ్డీబంకు నడిపే సువార్తక్క నా దగ్గరే సోడాలు తీసుకునేది. ఒక వేసవి మధ్యాహ్నం, పెట్టెలోంచి తీస్తుండగానే ఆమె చేతిలో బుడ్డి పేలింది. గాజుపెంకు కుడికంట్లో దిగింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి కొంగు కంటికి అదుముకుని కూర్చుంది. సోడాల పెట్టె బంకు వెనక నీడలో ఉంది. పైన తడి గోనెపట్టా కప్పి ఉంది. చూశాను. చూసి కూడా అడిగాను.

“ఏందక్కా, ఎండలో పెట్టినావా?”

“లేదబ్బయ్యా, నీడలోనే...” అని ఆగింది. “పొద్దన దించినప్పుడు రవ్వంత ఎండ తగిలిందేమో.”

“అదే మరి! ఎన్నిసార్లు చెప్పినా నీకు? గ్యాసుతో ఆటలా?” అంటూనే ఏడుపందుకున్నాను.

“నాదే పొరపాటులే. నువ్వు ఏడవబాకరా, ముందు ఆటో పిలువు.”

నెల్లూరు ఆసుపత్రిలో కన్ను పోయిందన్నారు. దారంతా ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపు ఆమె కోసమా, నా వాల్వు సంగతి బయటపడుతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేను. కానీ తిరిగొచ్చి ముందు చేసిన పని ఆ రాగితీగ విప్పడం. అంటే నాకు అంతా తెలుసు.

మిషను తీసేశాను. సువార్తక్క బంకు నడుపుతూనే ఉంది. ఇప్పుడు ప్లాస్టిక్ సీసా మూత తిప్పేటప్పుడు కూడా మొహం పక్కకు తిప్పుకుంటుంది. చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడల్లా, “నా అజాగర్త వల్ల ఒక కన్ను పోగొట్టుకున్నా, రెండోది దేవుడు కాపాడినాడు” అంటుంది. ఆ మైకు మా వీధి దాకా వినిపిస్తుంది. నేను చేసిన తప్పును ఆమె ఊరందరి ముందూ ఒప్పుకుంటూ ఉంటే, నేను ఇంట్లో కూర్చుని ఇడ్లీలు తింటూ వింటాను.

ఎందుకు చెప్పలేదు? మొదట్లో పోలీసుల భయం. తర్వాత, ఆమె నన్ను అబ్బయ్యా అని పిలవడం మానేస్తుందేమోనని. ఆమె కన్ను కంటే నాకు ఆ పిలుపు ఎక్కువైందా? అయింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. పెట్టె నీడలోనే ఉంది. సువార్తక్క ఏ తప్పూ చేయలేదు. బుడ్డిలో గీత దాటించి గ్యాసు ఎక్కించింది నేను. రాసేసరికి కొంచెం ఊపిరి ఆడింది. అలా ఆడినందుకు సిగ్గుగానూ ఉంది.