శత్రువు కావలెను

తొంభైల మధ్యలో మా తోడల్లుడికి రివాల్వరు లైసెన్సు వచ్చింది. ఆ ఏడాదంతా నాకు సరిగ్గా అన్నం సహించలేదు. అబద్ధమెందుకు, కుళ్ళుకున్నాను. ఆయన మా అత్తవారింటికి పెద్దల్లుడు, లారీల మీద తుక్కు ఇనుము తోలే వ్యాపారం, స్మృతి నగర్‌లో సొంత ఇల్లు. నేను ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్ని, సెక్టారులో కంపెనీ క్వార్టరు. అంతవరకూ ఓర్చుకున్నాను. రివాల్వరు దగ్గర మాత్రం నా వల్ల కాలేదు.

ఆదివారాలు చరోదాలో మా మామగారింట్లో భోజనాలు. ఆయన లోపలికి రాగానే చొక్కా ఎత్తి, నడుముకున్న తోలు ఒర విప్పి, ఫ్రిజ్జు మీద పెట్టేవాడు. మామగారు రైల్వేలో ముప్పై ఏళ్ళు గార్డుగా చేసిన మనిషి, ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవరు. అలాంటిది ఈయనకి లేచి కుర్చీ జరిపేవారు. అత్తగారు చేపల పులుసులో తలకాయ ముక్క ఆయన కంచంలోనే వేసేది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు మీద వెనక కూర్చుని మా ఆవిడ, అక్కకి ఇంక భయమన్నది లేదు అనేది. నేను గేరు మార్చేవాణ్ణి.

నిజానికి వాళ్ళక్కకి మిగిలింది భయమేనని నాకు కనిపిస్తూనే ఉంది. తోడల్లుడు గోడకి వీపు ఆనించి తప్ప కూర్చునేవాడు కాదు. వీధిలో మోటారు సైకిలు ఆగితే ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది. పిల్లలు చల్లనీళ్ళ కోసం ఫ్రిజ్జు తలుపు తీస్తే చాలు, మా వదిన పరుగెత్తుకొచ్చేది. తుపాకీ లేని రోజుల్లో ఆయన ఎవర్ని చూసి జడిసేవాడా అని ఆలోచిస్తే నాకు ఒక్కడూ తట్టలేదు. అది నడుముకెక్కాకే ఒక్కొక్కరూ పుట్టుకొచ్చారు. ఇంత తెలిసీ నాకు అదే కావాలనిపించింది. ఆ భయం కూడా నా కంటికి హోదాగానే కనిపించింది. ఎవడైనా చంపాలనుకుంటున్నాడంటే ఆ మనిషికి అంత పలుకుబడి ఉన్నట్టేగా.

సెలవు పెట్టి, లైసెన్సు కోసం దుర్గ్‌లో కలెక్టరు కచేరీకి వెళ్ళాను. మెట్ల పక్కన టైపు మిషను పెట్టుకున్న ముసలాయన నా దరఖాస్తు కొట్టాడు. పేరు, చిరునామా, ఉద్యోగం అయ్యాయి. ఎవరి వల్ల ప్రాణభయం అన్న చోటికి వచ్చి వేళ్ళు ఆపాడు. ఎవరూ లేరన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను జాలిగా చూశాడు.

"దుష్మన్ తో చాహియే, భయ్యా," అన్నాడు. శత్రువు లేకపోతే ఫైలు కదలదట.

నలభై ఏళ్ళు బతికి ఒక్క శత్రువుని సంపాదించుకోలేకపోయానని అక్కడే నిలబడి సిగ్గుపడ్డాను. తోడల్లుడు ముగ్గురి పేర్లు రాశాడట. నాకు ఒక్కడైనా దొరకడా అని వెతికి వెతికి, చివరికి నాతో పనిచేసే ఖలాసీ పేరు చెప్పాను.

అతనిది విజయనగరం వైపు. నేను పైన క్యాబిన్‌లో ఉంటే, కింద బరువులకి గొలుసులు చుట్టి, క్రేన్ కొక్కేనికి తగిలించి, చేత్తో సైగ చేసేది అతనే. పన్నెండేళ్ళ జోడీ మాది. చుట్టరికం లేకపోయినా బావా అని పిలిచేవాడు. అంతకు వారం ముందు నేను పరధ్యానంలో బరువుని ఊపేస్తే, ఇంకోపాలి ఇలాగ ఊపినావంటే సంపేస్తానని కిందనుంచి అరిచాడు. తర్వాత టీ దగ్గర నవ్వేశాడు. నవ్విన సంగతి వదిలేసి మిగతాది టైపు చేయించాను. సంతకం పెట్టేటప్పుడు అత్తగారింటి ఫ్రిజ్జు మీద రెండు ఒరలు పక్కపక్కన ఉన్నట్టు ఊహించుకుంటున్నాను.

పోలీసులు విచారణకి మొదట నన్నే పిలుస్తారనుకున్నాను. అతన్ని పిలిచారు. పెళ్ళాం పిల్లలు చూస్తుండగా కానిస్టేబులు వచ్చి ఠాణాకి తీసుకెళ్ళాడట. పూటంతా బెంచీ మీద కూర్చోబెట్టి, ఏదో కాగితం మీద సంతకం చేయించుకుని వదిలారట. సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ పెరటి దారిన వంటింట్లోకి వచ్చి టీ అడిగే మనిషి, ఆ రోజు వీధి గుమ్మం తట్టి బయటే నిలబడ్డాడు. అతన్ని చూడగానే నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, భయం. నేను రాయించిన అబద్ధాన్ని నేనే నమ్మేసి, తలుపు సగమే తీశాను.

"నాను నిన్ను సంపుతానని రాసినావంట. ఏటి బావా అది?"

లైసెన్సు కోసమని చెప్పాను. తోడల్లుడి సంగతీ, ఫ్రిజ్జు సంగతీ కూడా చెప్పాను, వింటే అర్థం చేసుకుంటాడన్నట్టు. అతను అంతా విన్నాడు. తలుపుని గట్టిగా పట్టుకున్న నా చేతి వైపు చూశాడు.

"నన్ను సూసి తలుపడ్డం ఎట్టినావేటి," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇద్దరం డ్యూటీకి వెళ్ళాం. అతనికో అలవాటుండేది. బరువు లేస్తున్నంతసేపూ దానికి అరచెయ్యి ఆనించి, పక్కనే నడిచేవాడు. అది రూలుకి విరుద్ధం. ఫోర్‌మాన్ ఎన్నిసార్లు తిట్టినా, పైనున్నది మా బావే అని నవ్వేవాడు. ఆ రోజు గొలుసులు తగిలించి, దూరంగా స్తంభం వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి చెయ్యెత్తాడు. చంపే సాధనం పన్నెండేళ్ళుగా ఉన్నది నా చేతిలోనని, దాని కిందే అతను రోజూ తిరిగాడని అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని ఫోర్‌మాన్ అతన్ని మెచ్చుకున్నాడు.

లైసెన్సు ఇవ్వడం కుదరదని నా దరఖాస్తు తిరిగొచ్చింది. నెల తిరక్కుండానే అతను అడిగి మరీ పక్క షెడ్డుకి మారిపోయాడు. అక్కడి ఆపరేటరు కొత్తగా చేరిన ఒడియా ఆయన. ఒకరోజు నా క్యాబిన్ అద్దంలోంచి అటు చూశాను. బరువు లేస్తోంది. అతను దానికి అరచెయ్యి ఆనించి, ఏదో మాట్లాడుతూ పక్కనే నడుస్తున్నాడు. తోడల్లుడి రివాల్వరు మీద ఏడాదిపాటు కుళ్ళుకున్నాను కానీ, అదెంత. ఆ ఒడియా ఆయన్ని చూసి కుళ్ళుకోవడం నేను రిటైరయ్యేదాకా ఆగలేదు.