కొలిమి ముందు బూట్లు

మా బాపు అంతయ్య చెన్నూరులో కమ్మరి. ఆయన మొండితనం కంటే ఇనుమే నయం, కాలిస్తే వంగుతుంది.

ఊళ్లో పని సన్నగిల్లింది. భిలాయిలో కొత్తగా ఉక్కు కార్ఖానా మొదలైందని, కొలిమి పని తెలిసినవాళ్లను తీసుకుంటున్నారని విని, 1959లో బల్లార్షా మీదుగా రైలెక్కాడు. మమ్మల్ని కన్న అవ్వ బాలవ్వ, మేం ముగ్గురు పిల్లలం ఆ నౌకరీ మీదే ఆశ పెట్టుకున్నాం.

అక్కడి కొలిమిని చూసి బాపు నోరెళ్లబెట్టాడట. మూడు తాటిచెట్ల ఎత్తు. కరిగిన ఇనుము కాలువ కట్టి పారుతోంది. చేతులు జోడించి, వాళ్లిచ్చిన బూట్లు విప్పి పక్కన పెట్టి, వట్టికాళ్లతో ముందుకు నడిచాడు. మా కమ్మరోళ్లలో కొలిమి దగ్గరికి చెప్పులతో ఎవరూ పోరు. అది మాకు తల్లి.

సూపర్‌వైజరు పరుగున వచ్చి వెనక్కి లాగాడు. మర్నాడూ అదే పని. మూడో రోజు, బూట్లు తొడుక్కుంటావా, ఊరికి పోతావా అని అడిగారు. బాపు మూట సర్దుకున్నాడు. అప్పుడు మేం గుర్తుకే రాలేదా అని నేను ఎన్నిసార్లు పోట్లాడానో!

"యాదికొచ్చిండ్రు బిడ్డా. గందుకే ఏడ్సుకుంట సదురుకున్న" అనేవాడు.

ఆ రోజు మూట పక్కన పెట్టుకుని కూర్చున్న బాపు దగ్గరికి ఫోర్‌మన్ దేవదాస్ వచ్చాడు. బల్లార్షా పక్కనే ఉన్న చాందా వైపు మనిషి, తెలుగు బాగానే వచ్చు. పక్కన కూర్చుని తన కుడి బూటు విప్పి మేజోడు లాగేశాడు. ఆ పాదానికి రెండే వేళ్లున్నాయి.

"నేను బీ లోహార్, మీ లెక్కనే కమ్మరి ఇంటోన్నే అంతయ్యా. ముందుగాల ఒక చిన్న కార్ఖానాల నేను బీ గిట్లనే విప్పిన. తల్లికి గేటు కాడ్నే మొక్కు. గాడ విప్పు, గాడ్నే తొడుగు. లోపటికి మాత్రం బూట్లతోనే రా."

"తల్లికి కోపమొస్తే?" అన్నాడు బాపు, ఇంకా బెట్టుగానే.

"నా పేరు చెప్పు."

బాపు మూట విప్పాడు.

ఐదేళ్ల తర్వాత ఒకనాడు ఇనుము చిమ్మి ఆయన ఎడమ బూటు మాడిపోయింది. కాలికి బొబ్బ కూడా రాలేదు. సెలవుకు వచ్చి ఆ సంగతి చెబుతుంటే అవ్వ ఆయన పాదాలు పట్టుకుని కూలబడిపోయింది.

దేవదాస్‌ను మేం ఎన్నడూ చూడలేదు. కానీ అవ్వ పొద్దున దీపం వెలిగించి ముందు అనే మాట, "గా దేవదాస్ సల్లగుండాలె." దేవుళ్ల పేర్లు ఆ తర్వాతే.