కోడూరు దాకా ఒక పళ్ళసెట్టు

ఈ మధ్య చేగోడీలు మరీ గట్టిగా చేస్తున్నారు. మా చిన్నప్పటి చేగోడీ కరకరమనేది. ఇప్పటిది కటకటమంటోంది. షాపులో అడిగితే "నిలవుంటుందండీ" అంటారు. ఇటుక కూడా నిలవుంటుంది.

ఈ ఫిర్యాదుకీ నా ప్రయాణానికీ సంబంధం ఉంది. కోడూరులో ప్రకాశం మాస్టారని రిటైరైన టీచరుగారు ఒకరున్నారు. మనవరాలి పెళ్ళి మూడు రోజులుందనగా పెళ్ళి కోసం తెచ్చిన చేగోడీ రుచి చూడబోయారు. చేగోడీ గెలిచింది. పై పళ్ళసెట్టు రెండు ముక్కలైంది. అతికించమని గుడివాడలో పళ్ళు తయారుచేసే ల్యాబుకి ఎవరిచేతో పంపారు. తిరిగి తేవడానికి మాత్రం పెళ్ళి హడావిడిలో మనిషి దొరకలేదు.

ముందురోజు సాయంత్రం పెళ్ళికూతురే నాకు ఫోన్ చేసింది. పేరు స్టెల్లా. ఆమె బందరులో నర్సింగు చదివినన్నాళ్ళూ వాళ్ళ హాస్టలుకి బిర్యానీలు మోసింది నేనే.

"ఖాదరన్నా, ప్రమాణాలయ్యాక ప్రార్థన మా తాతయ్యే చెయ్యాలి. నా చిన్నప్పటి నుంచీ అనుకున్న మాట అది. సెట్టు లేకపోతే నలుగురిలో నోరు తెరవనంటున్నారు. రేపు పదకొండులోపు తెస్తావా?"

తేవడమే నా వృత్తి. సొంత స్కూటరు మీద డెలివరీలు చేస్తాను. ఊళ్ళో అయితే యాప్ పిలుస్తుంది. ఊరు దాటడానికి యాప్‌కి ధైర్యం చాలదు కాబట్టి జనం నేరుగా నాకే చేస్తారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. దానివల్ల స్కూటరుకేమీ నష్టం రాలేదు. ఏడొందలకి ఒప్పుకున్నాను.

ఉదయం ఆరూ పదికి బందరులో బయల్దేరాను. పెడన దాటాక మంచు. గుడ్లవల్లేరు అక్కడే ఉందని నమ్మి దాటేశాను. ఏడూ ఇరవైకి గుడివాడ. ల్యాబాయన తడి దూదిలో పెట్టిన సెట్టుని ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చి, "ఆరిపోనివ్వకండి, వేడి తగలనివ్వకండి" అన్నాడు.

"యాక్రిలిక్ కదండీ" అన్నాను.

"మీకెలా తెలుసు?"

"పరీక్షలో వచ్చింది."

చదువు పనికొచ్చిన ఆనందంలో బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై. మీరు వెళ్తే అల్లప్పచ్చడి రెండుసార్లు అడగండి. మొదటిసారి వినపడనట్టుంటాడు.

ఏడూ యాభైకి గుడివాడ వదిలి, పామర్రు మీదుగా హాయిగా సాగాను. మంచు విడిపోయింది. కోసేసిన వరిచేలల్లో మినుము పచ్చగా లేచింది. తొమ్మిదీ పదికి చల్లపల్లిలో, సరిగ్గా టైర్ల షాపుకి పది అడుగుల దూరంలో, వెనక టైరు పగిలింది. స్కూటరుకీ కొంత ఇంగితం ఉంది.

మెకానిక్ టైరుని వేలితో నొక్కి చూశాడు. "దీనికి ప్యాచీ ఆగదండీ. కొత్తది పదమూడొందలు. మధ్యాహ్నానికి వేసి ఉంచుతా."

తొమ్మిదిన్నరకి కోడూరు బస్సొచ్చింది. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం కాబట్టి, బస్సులో డబ్బిచ్చి ఎక్కిన అయిదారుగురిలో నేనొకణ్ణి. పక్క సీట్లో పట్టుచీరలో ఒక పెద్దావిడ, ఒళ్ళో రంగుకాగితం చుట్టిన కుక్కరు. తర్వాత తెలిసింది, పేరు సుగుణమ్మగారు. నా డబ్బా వైపు చూశారు.

"ఏంటి బాబూ అంత భద్రంగా పట్టుకున్నావు?"

"పళ్ళసెట్టండీ. కోడూరు ప్రకాశం మాస్టారిది."

బస్సులో సగం తలలు ఇటు తిరిగాయి. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపేశాడు. "మా మాస్టారివా? ఆ పళ్ళు పటపట కొరుకుతూనే నా చేత గుంజీలు తీయించారండీ."

"అప్పుడు సొంతవిలే" అని వెనక నుంచి ఎవరో సవరించారు.

సుగుణమ్మగారూ ఆ పెళ్ళికే వెళ్తున్నారట. "ఆయన ప్రార్థన లేకపోతే అదేం పెళ్ళి? డ్రైవరు బాబూ, కాస్త గట్టిగా తోలు నాయనా!" అన్నారు. డ్రైవరు తోలాడు. అవనిగడ్డలో పది నిమిషాల టీ నిలబడి రెండు నిమిషాల్లో తాగేశాడు.

ఆ రెండు నిమిషాల్లో నాకు కొత్త నంబరు నుంచి ఫోన్. "మాస్టారి అల్లుణ్ణండి, పెళ్ళికూతురి నాన్నని. మీరు నిదానంగానే రండి. పన్నెండైనా పర్లేదు. ఆయన మొదలెడితే ఆపరు. నాలుగొందల మందికి వంట దించేశాం, చల్లారిపోతుంది. ఇంకో వెయ్యి ఇస్తాను."

ఆలస్యానికి డబ్బిస్తానన్న కస్టమరు నాకు ఈయనొక్కరే. టైరు గుర్తొచ్చింది. అవనిగడ్డలో దిగి ఇంకో టీ తాగడం పెద్ద నేరమేమీ కాదు. అంతలో స్టెల్లా మెసేజ్: "అన్నా ఎక్కడ? తాతయ్య చర్చి గుమ్మంలోనే కూర్చున్నారు."

"బుక్ చేసింది అమ్మాయండీ. తను ఆగమంటే ఆగుతాను" అని చెప్పి బస్సెక్కాను.

పదీ నలభైకి కోడూరు. కండక్టరు బస్సుని చర్చి ముందే ఆపించాడు, అక్కడ స్టాపు లేకపోయినా. మాస్టారు నోటికి జేబురుమాలు అడ్డంపెట్టుకుని కుర్చీలో ఉన్నారు. డబ్బా తీసుకుని గోడవైపు తిరిగారు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పదేళ్ళు తగ్గారు.

"టైమెంత?"

"పదీ నలభై అయిదండీ."

"పదకొండన్నాం. ముందే వచ్చావు."

ఇంతకు మించిన రేటింగు నాకెప్పుడూ రాలేదు.

ప్రార్థన యాభై నిమిషాలు. రెండు వైపుల చుట్టాలు, ఇరుగుపొరుగు, వంటవాళ్ళు, షామియానా వేసినవాళ్ళు, అందరినీ పేరుపేరునా దీవించమన్నారు. "టైరు పగిలినా ఆగని ఖాదరు బాబుని కూడా" అన్నారు. అల్లుడుగారు కళ్ళు తెరిచి నావైపు చూశారు. చివర స్టెల్లా పేరు దగ్గరికొచ్చారు. అంతసేపూ మాట కోసం తడుముకోని మనిషికి ఆ పేరు తర్వాత ఇంకో మాట రాలేదు. పెదవులు కదిలాయి, అంతే. ఆయన చెయ్యి పట్టుకుని ఆమెన్ అన్నది పెళ్ళికూతురే.

భోజనం బాగుంది. వేడి మీద ఇంకా బాగుండేదని వడ్డించినాయన రెండుసార్లు చెప్పాడు.

రెండుంబావు బస్సుకి తిరుగు ప్రయాణం. ఆ రోజు నాకంటే టైరు ఎక్కువ సంపాదించింది. అయినా కడుపునిండా తిని, కిటికీ గాలికి కళ్ళు మూతలు పడుతుంటే, మనకిది బానే ఉందనిపించింది. దివిసీమ వెళ్ళేవాళ్ళు టైర్లు చూసుకుని వెళ్ళండి. చూసుకోకపోయినా బస్సులో మనుషులు మంచివాళ్ళు.

పక్క సీట్లో మళ్ళీ సుగుణమ్మగారే, ఈసారి ఒళ్ళో కుక్కరు లేదు. మోపిదేవి దాటాక నావైపు తిరిగారు.

"ఆ సెట్టు ఇంకో గంట ఆగి తెస్తే నీ సొమ్మేం పోయేది బాబూ?"