వీణల వడ్రంగి సరిచేసిన రైఫిలు

అరవైల చివర్లో నేను కోడలిగా గజపతినగరం దగ్గరి ఒక ఊరికి వెళ్లిన ఏడాది వానలు విపరీతంగా పడ్డాయి. మా మావయ్యగారికి కొండ కింద వేరుశెనగ చేను ఉండేది. అడవిపందులు దాన్ని తవ్విపోసేవి. వాటి కోసం లైసెన్సుతో ఒక పాత రైఫిలు ఉంచుకున్నారు. గురి తప్పని మనిషని ఆయనకి చుట్టుపక్కల పేరు. అలాంటిది ఆ వానల్లో వరసగా నాలుగుసార్లు తప్పింది. విజయనగరం వెళ్లి కళ్లజోడు పెట్టించుకొచ్చారు. అయిదోసారీ తప్పింది. తుపాకిని గోడకి తగిలించేసి, "నా కళ్లు పోనాయి" అన్నారు. భోజనం దగ్గర కూడా మాట్లాడటం మానేశారు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. అరుగు మీద కూర్చుని, జోడు లేకుండానే, దూరాన గట్టు మీద వచ్చేది ఎవరో చెప్పేసేవారాయన. పెళ్లికి ముందు కాలేజీలో ఆడపిల్లలకిచ్చే సైనిక శిక్షణలో నేను రెండేళ్లు రైఫిలు కాల్చాను. ఆ సంగతి అత్తవారింట్లో ఎత్తొద్దని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. రెండు రోజులు ఓర్చుకుని, చెప్పేశాను.

మావయ్యగారు లేచి గోడ దగ్గరికి నడిచారు. "అయితే నువ్వే కాల్సి సూడమ్మా" అని తుపాకి దించి ఇచ్చారు.

మర్నాడు పొద్దున్న కొండవాలుకి ఇసక బస్తా ఆనించి, దానికి కాగితం అంటించి, కొంగు దోపుకుని బోర్లా పడుకున్నాను. ఊళ్లో సగం మంది చూడ్డానికొచ్చారు. కాల్చిన అయిదూ అయిదు మూలలకి పోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నేను తుపాకి ఖాళీ చేసి, శిక్షణలో హవల్దారు చూపించినట్టు, గొట్టానికీ దాని కింది కర్రకీ మధ్య కార్డు ముక్క దూర్చాను. ఎడమవైపు జారింది, కుడివైపు ఇరుక్కుపోయింది. తడికి ఉబ్బిన కర్ర గొట్టాన్ని పక్కకి నెడుతోంది. మరలు బిగించినా, తూటా పెట్టి పేల్చే ఇనప భాగం కర్రలో కుదురుగా కూర్చోవడం లేదు.

"మీ కళ్లది కాదు తప్పు మావయ్యా, కర్రది" అన్నాను. ఆయన కార్డు ముక్క తీసుకుని తనూ నాలుగుసార్లు దూర్చి చూసుకున్నారు.

అంత సన్నపు పనికి ఆయనకి బొబ్బిలిలో వీణలు చేసే ఒక ముసలి వడ్రంగి గుర్తొచ్చాడు. రైఫిలు దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాం. వీణా అని కండక్టరు అడిగితే మావయ్యగారు తొణక్కుండా అవునన్నారు. కోడలు వాయిస్తాదని కూడా చేర్చారు.

ఆ వడ్రంగి మరలు విప్పి, కర్రని చేత్తో తడిమి, "తుపాకి నానెరగను బాబూ. కర్ర ఎరుగుదును" అన్నాడు. దీపపు మసి ఆముదంలో కలిపి ఇనుము అడుగున పలచగా పూశాడు. కర్రలో కూర్చోబెట్టి, పైకి తీశాడు. నల్లగా అంటిన చోటల్లా మిట్ట అన్నమాట. అక్కడ మాత్రం ఉలితో గీరి, మళ్లీ మసి పూసి కూర్చోబెట్టాడు. అలా ఎన్నిసార్లో. సాయంత్రానికి కర్రలోని గూడంతా ఒకే తీరున నల్లబడింది. గొట్టం చుట్టూ మాత్రం కార్డు ముక్క ఆడేంత సందు వదిలాడు. ఇక తడి పీల్చకుండా లోపలంతా లక్క పూసి, ఆరాక బిగించి ఇచ్చాడు.

మళ్లీ అదే కొండవాలు, అదే ఇసక బస్తా. ముందు నన్నే కాల్చమన్నారు. నా అయిదూ నిమ్మకాయంత చోట పడ్డాయి. తరవాత ఆయన జోడు తీసి అత్తయ్య చేతిలో పెట్టి పడుకున్నారు. ఆయనవి నా వాటికంటే దగ్గరగా పడ్డాయి. లేచి, చొక్కా దులుపుకుంటూ, వచ్చినవాళ్లందరికీ కర్ర ఎలా ఉబ్బిందో విడివిడిగా చెప్పుకొచ్చారు. ఆ వారంలోనే చేలో ఒక పందిని కొట్టారు కూడా.

కొండవాలు దగ్గర మేమిద్దరం కాల్చిన ఆ పొద్దున్నే అత్తయ్య కాగితం మీది చిల్లులు వేలితో తడిమి చూసి, "ఏటే, ఇంతేనా? నానూ ఓపాలి కాలుస్తాను" అంది. పక్కన పడుకుని భుజం సరిచేసి పట్టించాను. తూటా బస్తాని కూడా తాకలేదు, ఎక్కడో మట్టిలో దిగబడింది. ఆవిడ భుజం రుద్దుకుంటూ, లేవలేక, కడుపు పట్టుకుని నవ్వింది. మావయ్యగారు కళ్లజోడు ఆవిడకి పెట్టబోయారు.