తోతాపురి, బెంగుళూరు కాయ

ఒకే మాట ఒకే పేజీలో రెండుసార్లు కనబడితే మా గైడు ఎర్ర గీత గీసేవాడు. "ఇంగ్లీషులో రాసేటప్పుడు మాట మార్చాలప్పా. పర్యాయపదాలు నేర్సుకో," అని నా థీసిస్ వెనక్కి తోసేవాడు. చిత్తూరు వైపు మామిడి రైతుల మీద థీసిస్ అది. డాక్టరేటు వస్తే తిరుపతి కాలేజీలో నా తాత్కాలిక ఉద్యోగం నిలబడుతుంది. రాకపోతే, ప్రిన్సిపాల్ చెప్పినట్టు, "ఇంకొకరిని చూసుకుంటాం." ఆయన మాత్రం పర్యాయపదాలు వాడలేదు.

వైవా ముందురోజు నా భార్య రసానికి పోపు పెడుతూ నన్ను పరీక్షించింది.

"సేమ్‌కి?"

"ఐడెంటికల్, ఈక్వివలెంట్, ఇంటర్‌ఛేంజబుల్."

"ఇంగా?"

"సాల్లే."

"రేపొచ్చే ఆయప్ప సాలంటాడా?"

వైవాకు పరీక్షకుడిగా వచ్చినాయన ఉత్తరాది ప్రొఫెసరు. నా థీసిస్‌కు రంగు కాగితాలు అంటించుకుని వచ్చాడు. అన్నీ నాలుగో అధ్యాయంలోనే. ఇంగ్లీషులో, ఏ తొందరా లేకుండా అడిగాడు: మూడో అధ్యాయంలో ఈ రైతులు తోతాపురి పండిస్తున్నారు. నాలుగో అధ్యాయంలో బెంగుళూరు పండిస్తున్నారు. ఆ తోతాపురి చెట్లన్నీ ఏమయ్యాయి?

రంగు కాగితం అంటించిన పేజీ తెరిచి నా వైపు తిప్పాడు.

మా వైపు తోతాపురినే బెంగుళూరు కాయ అంటారు. పుట్టినప్పటి నుంచీ అంటున్నాం, అదొక ఊరి పేరని కూడా గుర్తు రాదు. మాట మార్చమన్నారు కదా అని అధ్యాయానికొక పేరు పెట్టాను. ఆయన లెక్కలో నా రైతులు తోటలన్నీ నరికేసి కొత్త చెట్లు నాటారు. ఎందుకు నరికారో నేను రాయలేదు. అది చాలు, థీసిస్ తిప్పి పంపడానికి.

రెండూ ఒకటేనని చెప్పాలి, అంతే. వంటింట్లో మూడు మాటలు దొరికాయి. ఇక్కడ ఒక్కటీ రాలేదు. నోరు తెరిస్తే, "రెండూ ఒకటే సార్," అని తెలుగు వచ్చింది.

ఆయన గైడు వైపు తిరిగాడు.

"సేమ్, సార్," అన్నాడు గైడు. వేరే మాట ఏదీ తట్టనట్టు, మళ్లీ "సేమ్" అన్నాడు.

నన్ను బయట నిలబడమన్నారు. తలుపు తెరుచుకునేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. గైడు తల మాత్రం బయటపెట్టాడు.

"ఇస్తానంటా ఉండాడప్పా. అంతా ఒకే పేరు రాయాలంట."

"ఏ పేరు సార్?"

"ఆయప్ప సంతకం పెట్టేదాకా నువ్వేమీ అడగబాక," అని తలుపు వేసేశాడు.