పదిహేను కిలోల తేలిక ప్రయాణం

తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారు. దాన్ని హోల్‌సేల్‌లో చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. రాజోలు నుంచి అంతర్వేదికి ఒక్క పగటి కాలినడక కోసం నేను కట్టిన సంచి మా కొట్టు కాటా మీద పదిహేను కిలోలు తూగింది. చూసి గర్వపడ్డాను కూడా.

అమలాపురంలో మాది కిరాణా కొట్టు. విడిగా ఒక్క వస్తువు కొనడమంటే మా వంశానికి అప్రతిష్ట. సబ్బు కావలసివస్తే డజను, గొడుగు కావలసివస్తే జత. తోడొచ్చిన మా బావమరిది వేణు మాత్రం గుడ్డసంచిలో తువ్వాలు, నీళ్ళ సీసా వేసుకుని నిలబడ్డాడు.

“ఇవన్నీ దారిలో దొరకవా బావగారూ?”

“దొరుకుతాయిరా. విడి రేటు పెట్టాలి.”

“ఆ బరువుతో పొద్దుగూకేలోగా చేరితే చూద్దాం లెండి.”

“చేరకపోతే, వేణు తెలివైనవాడని నలుగురిలో ఒప్పుకుంటాను. పందెం.”

మలికిపురం దాటేసరికి భుజాలు నాతో మాట్లాడటం మానేశాయి. సరే, పంచేద్దామనుకున్నాను. కాలవ మెట్ల మీద బట్టలుతుకుతున్న ఒకావిడకి ఆరు సబ్బులిచ్చాను.

“ఊరికే ఎలా తీసుకుంటామండీ, మర్యాద కాదు,” అని నాలుగు కొబ్బరికాయలు తెచ్చి సంచిలో పెట్టేసిందావిడ.

చర్చి పక్కింటి అరుగు మీద రిటైరైన మాస్టారొకరు పేపరు చదువుకుంటున్నారు. ఆయనకి గొడుగూ, బిస్కెట్ల డబ్బా సమర్పించాను. ఆయన లోపలికెళ్ళి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు పనసకాయ ఎత్తుకొచ్చారు.

“మా చెట్టుదేనండి.”

“మాస్టారూ, చిన్నదుంటే ఇప్పించండి.”

“ఆయ్, ఇదే చిన్నదండి. పెద్దది తెమ్మంటారా?”

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఎక్కువిమ్మనే బేరమాడినవాణ్ణి, తక్కువిమ్మని ఆ రోజే బేరమాడాను. ఓడిపోయాను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కోనసీమలో నడుస్తూ పంచితే కొండలు పెరుగుతాయి. నమ్మకపోతే మీరూ ప్రయత్నించండి, సంచి నేనిస్తాను.

సఖినేటిపల్లిలో పొద్దు వాలడం మొదలైంది. ఇంకా రెండు గంటల నడక. నేనేమో పదడుగులకోసారి కూలబడుతున్నాను. సరుకు దించి అమలాపురం తిరిగెళుతున్న ఆటో ఒకటి ఆగింది.

“ఎక్కండి బాబుగారూ.”

“నేను కాదు, సంచి ఒక్కటే. మా కొట్టు దగ్గర దించెయ్యి.”

“దానికి ఇద్దరి ఛార్జీ అవుద్దండి.”

బేరమాడటానికి నోరు తెరిచాను. భుజాలు మూయించాయి. అడిగినంతా ఇచ్చేశాను. ఆటో కదలగానే వీపుకి గాలి తగిలింది. అంత హాయి మా కొట్టులో ఏ రేటుకీ దొరకదు. సంచిలోంచి తీసి ఉంచుకున్న తువ్వాలు మెడలో వేసుకుని, నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, పరుగులాంటి నడకతో, సూర్యుడు గోదారికి జానెడెత్తున ఉండగా అంతర్వేది చేరాం.

అప్పుడే నాన్న ఫోను. “సంచి వచ్చిందిరా. కాటా వేశాను. వెళ్ళినప్పుడు పదిహేను, ఇప్పుడు ఇరవై రెండు. ఏం వ్యాపారం చేశావు? రేపు కూడా వెళ్ళకూడదూ?”

ఆ కాటా సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక నా సంచిలోకి తువ్వాలూ సీసా తప్ప మూడో వస్తువు రాదు, ఒకటి కొంటే రెండు ఉచితమన్నా సరే.

ఇక బిల్లు, నిజాయితీగా. మోసుకెళ్ళినవి నలభై వస్తువులు, వాడినవి రెండు. సంచి ఇద్దరి ఛార్జీ పెట్టుకుని ఆటోలో వెళ్ళింది, యజమాని నడిచాడు. పొద్దుండగానే చేరాను గానీ, బరువుతో చేరలేదు. కాబట్టి పందెం బాకీ ఒకటి ఉండిపోయింది.

వేణు తెలివైనవాడు. చెల్లు.