పాస్‌పోర్టుకి పసుపు

ఆ రోజుల్లో మా ఇంట్లోకి కొత్తగా ఏ వస్తువు వచ్చినా ముందు మా మామ్మ చేతిలోంచి వెళ్ళాల్సిందే. మామ్మ అంటే మా నాన్నని కన్న తల్లి. చిన్న గిన్నెలో పసుపు తడిపి, ఉంగరం వేలితో ఆ వస్తువుకి నాలుగు మూలలా నాలుగు బొట్లు పెట్టేదాకా దాన్ని ఎవరూ వాడకూడదు. సైకిలుకి పెట్టింది, మిక్సీకి పెట్టింది, చేపల చెరువు గట్టు మీద దించిన మోటారుకి పెట్టింది. కరెంటు మీటరుకి కూడా పెట్టింది (అద్దం మీద పసుపు ఎండిపోయి అంకెలు కనబడక, రీడింగు తీసుకోవడానికి వచ్చినాయన ప్రతి నెలా జేబురుమాలుతో తుడుచుకుని మరీ రాసుకునేవాడు). నా పదో తరగతి హాల్ టికెట్టుకీ, బీఎస్సీ మార్కుల జాబితాకీ కూడా ఆ భాగ్యం కలిగింది. ఇంత చదువుకున్నవాణ్ణి కదా, నాకు అదంతా నామోషీగా ఉండేది. కానీ మామ్మకి ఎదురుచెప్పే ధైర్యం మా ఇంట్లో నాన్నకే లేదు, నాకెక్కడిది!

మాది భీమడోలు నుంచి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో చిన్న ఊరు. నాన్నకి ఒక చేపల చెరువు ఉండేది. నేను డిగ్రీ పూర్తిచేసిన ఏడాది, వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టి, ఒక తెల్లవారుజామున మా చెరువులో చేపలన్నీ గాలి అందక పైకి తేలిపోయాయి. నాన్న గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని, మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ తరవాత కొద్ది రోజులకే ఏలూరులో ఒక మేత కంపెనీ వాళ్ళు, చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనికి మనుషులు కావాలని ఇంటర్వ్యూ పెట్టారు. వెళ్ళాను, ఎంపికయ్యాను. రెండు వారాలు ట్రైనింగు, అదీ ఉత్తరాదిలో ఎక్కడో. కంపెనీ వాళ్ళే విమానం టికెట్టు తీశారు.

ఆ కంపెనీ మేనేజరుగారు టికెట్టు చేతికిస్తూ, "చూడండి బాబూ, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి అక్కడ హాజరు తీసుకుంటారండి. అప్పటికి మీరు లేకపోతే తరవాత పేరు పిలుస్తారంతే. నేనేం చెయ్యలేనండి" అన్నారు. ఆ తరవాత పేరు గలాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. అత్తిలి అబ్బాయి, చాలా మర్యాదస్తుడు. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఏవండీ, మీరేమీ అనుకోనంటే ఒక్క మాటండి. ఒకవేళ మీకు ఒంట్లో బాగోలేకపోవడం గానీ, విమానం తప్పిపోవడం గానీ జరిగితే, కాస్త నాకు ఫోన్ చెయ్యండేం" అన్నాడు. మనిషి మంచివాడే. కానీ ఆ రోజు నుంచి నాకు ఒంట్లో ఏదో నలతగానే అనిపించేది.

గుర్తింపు కార్డు ఒరిజినల్ ఒకటి తీసుకెళ్ళమన్నారు. ఫోనులో అన్ని కార్డులూ పెట్టుకు తిరిగే రోజులు కావవి. నా దగ్గర ఓటరు కార్డు ఉంది, పాస్‌పోర్టు ఉంది (గల్ఫు వెళ్తానేమోనని రెండేళ్ళ క్రితం తీయించారు, నేను వెళ్ళలేదు, అది మామ్మ కంటపడకుండానే బీరువాలోకి వెళ్ళిపోయింది). నాన్న బాగా ఆలోచించి, "అన్నీ పట్టుకెళ్తే అన్నీ పోతాయిరా. పాస్‌పోర్టొక్కటీ పట్టుకెళ్ళు. దానికి మించిన కార్డు లేదు" అన్నారు. నిజమే, లేదు. ప్రయాణం ముందురోజు సాయంత్రం అది బీరువాలోంచి తీశారు. నేను బట్టలు సర్దుకుంటుంటే మామ్మ దాన్ని పట్టుకుని దేవుడి గది వైపు వెళ్ళడం చూశాను. అట్ట మీద పెడుతుంది కాబోలు, రైల్లో తుడిచేసుకుందాం అనుకుని ఊరుకున్నాను. తాడేపల్లిగూడెంలో రైలెక్కేముందు మామ్మ నా చొక్కా జేబు తట్టి, "లోపల కూడా పెట్టానురా నాన్నా. నీ మొహానికి దగ్గరగా ఉంటే మంచిది కదా" అంది. రైలు వచ్చేస్తున్న హడావుడిలో ఆ మాట సరిగ్గా బుర్రకెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్ద నగరంలో దిగి, బస్సు పట్టుకుని విమానాశ్రయానికి చేరాను. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, చక్రాల సూట్‌కేసు (మా పెదనాన్నగారిది, ఒక చక్రం తిరగదు). గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన, దట్టమైన మీసాలాయన, టికెట్టు చూసి, పాస్‌పోర్టు తీసుకుని, ఫోటో ఉన్న పేజీ తెరవబోయాడు. అది తెరుచుకోలేదు. పక్క పేజీకి అంటుకుపోయి ఉంది. ఆయన గోరుతో మెల్లగా విడదీశాడు. చిన్న చప్పుడుతో ఊడింది. నా ఫోటో చుట్టూ నాలుగు మూలలా, పైన వేసిన ప్లాస్టిక్ పొర అంచుల్లోకి ఇంకిపోయి, దిట్టంగా నాలుగు పసుపుపచ్చ మరకలు. మామ్మ మా ఇంటి గుమ్మానికి కూడా అంత శ్రద్ధగా పెట్టి ఉండదు.

మీసాలాయన ఒకసారి పేజీ వంక, ఒకసారి నా వంక చూశాడు. "ఏమిటీ జిగురు? ఫోటో మార్చావా?" అన్నాడు (హిందీలో అన్నాడు. నాకు అర్థమైనంత మేర రాస్తున్నాను. నేను హిందీ పరీక్షలు మూడు ప్యాసయ్యాను గానీ, బట్టీ పట్టిన ఆవు వ్యాసం తప్ప మరేమీ మాట్లాడలేను). జిగురు కాదు సార్ అన్నాను. "మరేమిటి? ఎవరు పూశారు?" అన్నాడు. నా వెనక పాతికమంది నిలబడి ఉన్నారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ, టై కట్టుకున్న ఇద్దరు ముగ్గురు, అందరూ నా పాస్‌పోర్టు వైపే చూస్తున్నారు. వాళ్ళందరి ముందూ, పాస్‌పోర్టుకి మా మామ్మ పసుపు పెట్టిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "తెలియదు సార్" అన్నాను.

ఆ మాట అన్నాక నా పని అయిపోయింది. తన పాస్‌పోర్టు మీద ఏముందో తనకే తెలియనివాణ్ణి ఎవరు లోపలికి పంపుతారు? ఆయన అది నా చేతికి తిరిగిచ్చేసి, "పక్కకి జరుగు. వేరే కార్డు ఉంటే చూపించు, లేకపోతే మా ఆఫీసరు వచ్చేదాకా ఆగు" అన్నాడు. వేరే కార్డు మా ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. విమానానికి గంటన్నర కూడా లేదు. అత్తిలి అబ్బాయి మొహం కళ్ళ ముందు కదిలింది. ఆఫీసరు వచ్చేలోగా మరకలు వదిలించేస్తే గొడవ ఉండదు కదా అని నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పక్కనే ఉన్న బాత్రూములోకి వెళ్ళి, జేబురుమాలు తడిపి, దాని నిండా అక్కడున్న సబ్బునీళ్ళు పోసుకుని, నాలుగు మూలలూ గట్టిగా రుద్దాను.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. ఫస్టు క్లాసు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఎనిమిదో తరగతి పిల్లల పుస్తకంలో ఉంటుంది. నేను ట్యూషన్లో ఆ పాఠం చెప్పాను కూడా. నీళ్ళలో ఆమ్లం ఎంతో క్షారం ఎంతో రంగు చూసి చెప్పే ఉద్యోగానికే నేను వెళ్తున్నాను. అయినా నా కళ్ళ ముందు ఆ నాలుగు మరకలూ పచ్చ నుంచి నారింజకి, నారింజ నుంచి చిక్కటి ఎరుపుకి తిరుగుతుంటే, నాకు ఏ పాఠమూ గుర్తు రాలేదు. రుద్దినకొద్దీ ఎర్రబడుతోంది. జేబురుమాలు చూస్తే ఎవర్నో పొడిచి వచ్చినట్టుంది. పక్కన చేతులు కడుక్కుంటున్న పెద్దమనిషి నన్నూ ఆ రుమాలునీ చూసి, కొళాయి కట్టకుండానే వెళ్ళిపోయాడు.

బయటికి వచ్చేసరికి ఆఫీసరు వచ్చేసి ఉన్నాడు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. మీసాలాయన ఉత్సాహంగా, "చూడండి సార్, ఫోటో చుట్టూ పచ్చటి జిగురు" అని నా చేతిలోంచి పాస్‌పోర్టు తీసుకుని తెరిచాడు. అందులో పచ్చటిదేమీ లేదు. ఎర్రగా ఉంది. ఆఫీసరు, "పచ్చ అన్నావు?" అన్నాడు. "పచ్చగానే ఉంది సార్, ఇందాక!" అన్నాడు మీసాలాయన. "ఇప్పుడు ఎర్రగా ఉందే?" అన్నాడు ఆయన. "అదే నాకూ అర్థం కావట్లేదు సార్, దేవుడి మీద ఒట్టు, పచ్చగా ఉంది!" ఆఫీసరు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "రాత్రి డ్యూటీ కూడా చేశావా?" అని అడిగాడు. పాపం మీసాలాయన మొహం ఎలా అయిపోయిందంటే, అప్పటిదాకా నేను పడుతున్న కంగారంతా పోయి జాలేసింది. చూసింది చూసినట్టు చెప్పిన మనిషిని నా మూలంగా అబద్ధాలకోరు అనుకుంటున్నారు. తెలియదు అని అబద్ధం చెప్పింది నేను.

"సార్, ఆయన చెప్పింది నిజమే సార్. అది పసుపు. మా మామ్మ పెట్టింది. సబ్బుతో కడిగితే ఎర్రబడింది" అని నాకొచ్చిన ఇంగ్లీషు, హిందీ కలిపి చెప్పేశాను. ఆఫీసరు, "నమ్మేదెలా?" అన్నాడు. అప్పుడు, ఆ ఒక్క క్షణంలో, నా చదువంతా వెనక్కి వచ్చింది. పక్కనే టీ కొట్టు ఉంది. పరిగెత్తుకెళ్ళి, "ఒక్క నిమ్మచెక్క ఇవ్వండి, టీ వద్దు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి ఇచ్చాడు. ఆఫీసరు ఎదురుగా ఎర్రటి జేబురుమాలు పరిచి, దాని మీద నిమ్మరసం పిండాను. పిండినచోటల్లా ఎరుపు విరిగి, మళ్ళీ పచ్చటి పసుపు తేలింది. క్యూలో నిలబడ్డ నల్లకళ్ళద్దాలావిడ కళ్ళద్దాలు పైకెత్తి మరీ చూసింది. మీసాలాయనైతే, "చెప్పానా సార్! చెప్పానా!" అని నాకంటే ఎక్కువ సంతోషపడిపోయాడు.

ఆఫీసరు రుమాలు తీసుకుని వాసన చూశాడు. ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు, పాస్‌పోర్టులో సంతకంతో పోల్చాడు, ఫోటో అంచులు వెలుతురుకి పట్టి చూశాడు, నా పుట్టినతేదీ, నాన్న పేరు, ఊరు పేరు అడిగాడు. అన్నీ అయ్యాక పుస్తకం మూసి నా చేతిలో పెడుతూ, "మా ఊళ్ళో కొత్త ట్రాక్టరు కొంటే మా అమ్మ కూడా పెడుతుంది. మామ్మ పెట్టిందని ముందే చెప్పొచ్చు కదా, ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ ప్రశ్నకి మాత్రం ఏ నిమ్మచెక్కా పనికిరాలేదు. తల దించుకుని, తిరగని చక్రాన్ని ఈడ్చుకుంటూ లోపలికి పరిగెత్తాను. విమానంలోకి ఎక్కిన ఆఖరివాణ్ణి నేనే. మొదటిసారి విమానం ఎక్కుతున్నాను కదా, కిటికీలోంచి చూడాలని ఎన్ని రోజులుగానో అనుకున్నాను, కానీ దారంతా ఆయన అడిగిన మాటే బుర్రలో తిరిగింది.

దిగగానే ఇంటికి ఫోన్ చేశాను. నాన్నతో రెండు మాటలైనా పూర్తికాకుండానే మామ్మ లాక్కుంది. "ఏరా నాన్నా, చేరావా? నిన్నెవరూ ఆపలేదు కదా?" అంది. కొంచెం ఆపారు మామ్మా, పసుపు గురించి అడిగారు అన్నాను. "అడిగారా! నేను పెట్టానని చెప్పావా?" అంది. చెప్పాను అన్నాను. "అడగ్గానే చెప్పావా?" అంది. అడగ్గానే చెప్పాను మామ్మా అన్నాను.

ఆ ఉద్యోగం నిలబడింది. నాలుగేళ్ళు చేసి, తరవాత కలిదిండిలో సొంతంగా నీళ్ళు పరీక్షించే ల్యాబు పెట్టుకున్నాను (అత్తిలి అబ్బాయికి తరవాతి బ్యాచీలోనే పని దొరికింది, నాకంటే పెద్ద ల్యాబు పెట్టాడు, ఇప్పటికీ అంతే మర్యాద). మామ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పేది. "అంతమంది పోలీసుల మధ్య, అడగ్గానే, మా మామ్మ పెట్టిందండీ అని చెప్పాడు మా వాడు" అనేది. నేను పక్కనే కూర్చుని కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండేవాణ్ణి. ఆవిడ పోవడానికి ఏడాది ముందు, ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, "మామ్మా, ముందు తెలియదన్నానే. సిగ్గేసింది" అని చెప్పేశాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే, "తెలుసులేరా. ఆ రోజు ఫోన్లో నీ గొంతు విన్నాను కదా" అంది. ఆ సాయంత్రం పక్కింటివాళ్ళు వస్తే మళ్ళీ అదే కథ మొదలుపెట్టింది. "అడగ్గానే" అన్నచోట మాత్రం ఆగి, నాకేసి చూసి నవ్వింది.

మొన్న మా అమ్మాయి, మా మామ్మ గురించి ఏదైనా చెప్పమంటే ఇదంతా చెప్పాను. సబ్బు, నిమ్మచెక్క, మీసాలాయన, అన్నీ వచ్చాయి. అది కళ్ళు పెద్దవి చేసుకుని, "ఎవరు పెట్టారని అడిగితే ఏం చెప్పావు నాన్నా?" అంది. నా జుట్టు నెరుస్తోంది, అయినా దాని మొహం చూస్తూ, "అడగ్గానే చెప్పేశానమ్మా, మా మామ్మ పెట్టిందని" అన్నాను.